బొటనవేలి సాక్ష్యం

మార్చి 4, మంగళవారం

రిటైరై ఏడేళ్లయినా ల్యాబ్ నన్ను వదల్లేదు. నెలకు ఒకటి రెండుసార్లు సాక్షిగా పిలుస్తారు. పెళ్లికి సాక్షులు కావాలి, కోర్టుకు సాక్షులు కావాలి, తూటాను ఆపే జాకెట్‌కు కూడా కావాలట. నా పని కుర్చీలో కూర్చుని చూడటం, చివర సంతకం పెట్టడం. మొదటిది కష్టం, రెండోది సులువు. చాలామంది రెండోదే చేస్తారు.

ఎల్లుండి ఆరు వందల నలభై జాకెట్ల లాట్. బ్యాంకు డబ్బు తీసుకెళ్లే వ్యాన్లలో కూర్చునే గార్డులకు. తయారు చేసినతన్ని ల్యాబ్‌లో అందరూ దర్జీ అంటారు. ఒకప్పుడు నిజంగా దర్జీయే, స్కూల్ యూనిఫాంలు కుట్టేవాడు. ఇప్పుడు ఎనభై మంది పనిచేసే వర్క్‌షాప్ ఉన్నా మెడలో టేపు తీయడు.

పరీక్ష చేసేది మా మనవరాలు. ఉద్యోగంలో చేరి పది నెలలు, ఇంకా ప్రొబేషన్. బంధుత్వం ఉందని రాసిచ్చాను. డైరెక్టర్ సరే అన్నాడు. అతను నా శిష్యుడే. ముప్పై ఏళ్లుగా దేనికైనా సరే అంటాడు, అందుకే డైరెక్టరయ్యాడు. నేను అతన్ని సరేగారు అంటాను, ఎదురుగా కూడా. దానికీ సరే అన్నాడు.

మనవరాలు ఇంట్లో నన్ను అమ్మమ్మా అంటుంది, ల్యాబ్‌లో మేడమ్ అంటుంది. కోపం వస్తే ఇంట్లో కూడా మేడమ్.

మార్చి 6, గురువారం, సాయంత్రం 7

లాట్ పాసైంది.

తెలియనివాళ్లు జాకెట్ తూటాను ఆపితే చాలనుకుంటారు. ఆపడం సగం పనే. ఆగిన తూటా జాకెట్‌ను లోపలికి తోస్తుంది. ఆ తోపుకు పక్కటెముకలు విరగొచ్చు, గుండె ఆగొచ్చు. తూటా దిగలేదు, మనిషి మాత్రం పోయాడు అని రిపోర్ట్ రాయాల్సి వస్తుంది. అందుకని జాకెట్ వెనక మనిషికి బదులు మట్టి పెడతాం. బొమ్మలు చేసుకునే రకం నూనె మట్టి, ఒక పెట్టె నిండా. కాల్చాక అందులో పడిన గుంట లోతు కొలుస్తాం. నలభై నాలుగు మిల్లీమీటర్లు దాటితే ఫెయిల్.

మట్టి గట్టిగా ఉంటే గుంట చిన్నది పడుతుంది, మెత్తగా ఉంటే పెద్దది. అంటే మట్టి కూడా అబద్ధం ఆడగలదు. అందుకే దాన్ని ఓవెన్‌లో వెచ్చబెట్టి, కిలో బరువున్న ఇనుప గుండును రెండు మీటర్ల ఎత్తు నుంచి దాని మీదికి వదులుతాం. గుండు పంతొమ్మిది మిల్లీమీటర్లు దిగాలి, అటూ ఇటూ రెండు. కాల్చడం అయ్యాక మళ్లీ వదలాలి. మధ్యలో మట్టి చల్లబడి బిగుసుకుంటే ఆ రెండో గుండు చెబుతుంది.

మొదటి గుండు పంతొమ్మిది. బాగుంది. తర్వాత తూటా వేగం కొలిచే మీటర్ మొరాయించింది. నలభై నిమిషాలు. ఫైరింగ్ గదిలో ఉక్క. నేను పక్క గదిలో ఏసీ వేయించి, మధ్య తలుపు తీసి ఉంచమన్నాను. మట్టి చల్లబడుతుందేమో మేడమ్ అంది మనవరాలు. మట్టి సంగతి తర్వాత, ముందు నేను వేగిపోతున్నాను అన్నాను. అందరూ నవ్వారు. నా మాటలకు నవ్వడం ఆ ల్యాబ్‌లో ఉద్యోగ నిబంధనల్లో ఒకటి.

ఆరు తూటాలు. గుంటలు 40, 43, 41, 42, 43, 41. దర్జీ ప్రతిసారీ కళ్లు మూసుకుని, మనవరాలు అంకె చదివాక తెరిచేవాడు.

అయ్యేసరికి ఐదున్నర. మనవరాలు గుండు ఎత్తుకొచ్చింది. నేను పెట్టె మూల బొటనవేలితో నొక్కి, పంతొమ్మిది, అన్నాను. గుండెందుకమ్మా, మేడమ్ వేలుందిగా అన్నాడు సరేగారు. అది ల్యాబ్‌లో పాత ఆనవాయితీ. ఆ రోజుల్లో నేను వేలితో నొక్కి పద్దెనిమిది అంటే గుండు పద్దెనిమిదే అనేది. పందెం కట్టి ఓడినవాళ్లు ఇప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నారు. అలా అలా ఫారంలో రెండో గుండు అంకె రాయాల్సిన చోట సాక్షి పరీక్షించారు అని రాయడం మొదలైంది.

మనవరాలు గుండును రెండు చేతులతో పట్టుకుని, విస్తరి ముందు కూర్చోబెట్టి లేపేసిన చుట్టంలా నిలబడింది. నిబంధన ఉంది కదా మేడమ్ అంది. పుస్తకం నేర్పేది ఒకటి, చెయ్యి నేర్పేది ఒకటి అన్నాను, అందరి ముందూ. అన్నప్పుడు ఆ మాట నాకే నచ్చింది.

దర్జీ ఈసారి జాకెట్‌లో ఇరవై నాలుగు పొరలకు బదులు ఇరవై రెండే పెట్టాడు. దాచలేదు, కాగితంలో రాశాడు. ఎందుకయ్యా అంటే, ఎండాకాలం గార్డులు బరువు మోయలేక విప్పి సీటు కింద తోసేస్తున్నారు మేడమ్, వేసుకోని జాకెట్‌కి నలభై పొరలుంటే మాత్రం ఏం లాభం అన్నాడు. తప్పు పట్టలేని మాట. పదిహేడున సరుకు పంపిస్తాడు.

మార్చి 7, శుక్రవారం

మనవరాలు మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 9, ఆదివారం

పొద్దున పేపరు చదువుతుంటే మా అమ్మాయి నా చెయ్యి లాక్కుని, ఈ బొబ్బేమిటే అమ్మా అంది. చూసుకుంటే బొటనవేలి మీద ద్రాక్షపండంత బొబ్బ. పొయ్యి మీంచి దించిన స్టీలు గ్లాసు, గుడ్డ లేకుండా పట్టుకుని కాఫీ తాగుతూ బాల్కనీ దాకా వచ్చాను. సంపాదకీయం మొత్తం చదివాను. ఏమీ తెలియలేదు.

నీకు నోరు తప్ప ఇంకేదీ పనిచేస్తున్నట్టు లేదు, రేపు డాక్టర్ దగ్గరికి పద అంది. నా కూతురే, అనుమానం లేదు.

మార్చి 10, సోమవారం

డాక్టర్ వయసు మా ఫ్రిజ్ వయసంత. కళ్లు మూసుకోమంది. వేళ్ల మీద సూదితో తాకుతాను, తాకినప్పుడల్లా చెప్పండి బామ్మగారూ అంది. నాలుగుసార్లు చెప్పాను. కళ్లు తెరిచాక ఎన్నిసార్లు తాకావమ్మా అంటే పదకొండు అంది.

పన్నెండేళ్ల షుగర్. నరాలు మొద్దుబారాయట. కుడిచేతి బొటనవేలు, దాని పక్కవి రెండు. ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడిగింది. అది నువ్వు చెబుతావనే కదా గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను అన్నాను. మెల్లమెల్లగా వస్తుంది బామ్మగారూ, ఏడాది కావచ్చు, రెండేళ్లు కావచ్చు, రోగికే ఆఖర్న తెలుస్తుంది అంది.

వేడి వస్తువుల గురించీ, చెప్పుల గురించీ చాలాసేపు చెప్పింది. నేను వినలేదు. గురువారం మట్టి మీద ఏ వేలు పెట్టానో ఆలోచిస్తున్నాను.

మార్చి 11, మంగళవారం

రెండేళ్లలో రెండో గుండుకు బదులు నా వేలు సాక్ష్యం చెప్పిన లాట్లు ఎన్నో పాత డైరీలు తిరగేశాను. గురువారంది కాక తొమ్మిది.

మధ్యాహ్నం కింది షాపులో పిల్లలు ఆడుకునే మట్టి రెండు కడ్డీలు కొన్నాను. ఎవరికమ్మా, మునిమనవలా అన్నాడు షాపతను. నాకే, నేను కాస్త వెనకబడ్డాను అన్నాను. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి ఎండలో పెట్టాను. రెండూ ఒక్కొక్కటిగా నా చేతి కింద పెట్టమని మా అమ్మాయిని పిలిచి కళ్లు మూసుకున్నాను. ఏ పిచ్చో చెబితే తప్ప పెట్టను అంది. చెప్పాను. పెట్టింది.

కుడి బొటనవేలితో పదిసార్లు. ఏది మెత్తనో ఏది గట్టో ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. ఎడమ బొటనవేలితో పదికి పది.

ముప్పై ఎనిమిదేళ్లు ఎడమ వేలిని ఎవరూ అడగలేదు.

మార్చి 12, బుధవారం

రాత్రి భోజనాలయ్యాక మనవరాలు గిన్నెలు కడుగుతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. గురువారం ఎన్నింటికి ఇంటికి బయల్దేరావు అన్నాను. ఆరున్నరకు అంది. మేం ఐదున్నరకే వెళ్లిపోయాం కదా, గంటసేపు ఏం చేశావు అన్నాను. సర్దాను అంది. గుండు ఎంత చెప్పింది అన్నాను. ఏ గుండు అంది. కడిగిన పళ్లేన్నే మూడోసారి కడుగుతోంది.

నా వేలు చూపించాను. డాక్టర్ చెప్పింది చెప్పాను. మట్టి కడ్డీల సంగతి కూడా.

కుళాయి కట్టేసింది. పదిహేను, అంది. ఐదుసార్లు వేశాను, సగటు పదిహేను.

పంతొమ్మిది ఉండాల్సింది పదిహేను. మట్టి రాయైంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అన్నాను. మీరు వెళ్లిన అరగంటకు వేశాను కదా, ఆ అరగంటలోనే చల్లబడి ఉంటుంది, కాల్చినప్పుడు బాగానే ఉండి ఉంటుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను అంది. నిజంగా అలాగే అనుకున్నావా అన్నాను.

అందరూ నమ్మే వేలు తప్పని పది నెలల ఉద్యోగి ఎలా చెప్పాలో ఆ పుస్తకంలో లేదు మేడమ్ అంది.

వంటింట్లో నిలబడి మేడమ్ అంది.

మార్చి 13, గురువారం

సరేగారి గదికి వెళ్లాను. విషయం విని తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. సరే అనలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

వేలు మొద్దుబారిందంటే ఒప్పుకుంటాను మేడమ్, కాల్చే సమయానికే మట్టి బిగుసుకుందని రుజువేముంది అన్నాడు. బిగుసుకోలేదని రుజువేముంది అన్నాను. ఇది తవ్వితే పాత తొమ్మిదీ బయటికొస్తాయి, ల్యాబ్ గుర్తింపు మీదికొస్తుంది, ఇరవై రెండు మంది జీతాలు ఉన్నాయి, మీ మనవరాలిది కూడా అన్నాడు. పదిహేడున సరుకు పోనివ్వండి, తర్వాత మనం నిదానంగా ఒక జాకెట్ తెచ్చి చూసుకుందాం అన్నాడు.

సరుకు పోయాక పరీక్ష దొంగలు చేస్తారు నాయనా, వాళ్లకు ముందు గుండు వేసే అలవాటు ఉండదు అన్నాను.

అతను నవ్వలేదు. ఉద్యోగ నిబంధన మర్చిపోయాడు పాపం.

వచ్చేటప్పుడు ఒక్క మాట అన్నాడు. మీ వేలి మీద నాకంత నమ్మకం ఎందుకో తెలుసా మేడమ్, కుర్రతనంలో నేను కొలిచిన అంకెల్ని మీరు వేలితో నొక్కి తప్పని తేల్చేవారు, ప్రతిసారీ మీరే నెగ్గారు.

అదే కదా వచ్చిన చిక్కు.

మార్చి 14, శుక్రవారం

సరేగారికి ఉత్తరం చేత్తో రాశాను. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, వేలు మొద్దుబారిందని, ఏసీ వేయించింది నేనేనని, తొమ్మిది పాత లాట్ల నంబర్లు. పరీక్షకురాలు రెండో గుండు వేయాలని అడిగిందని, నేను అడ్డుపడ్డానని, ఆమె తప్పేమీ లేదని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ముప్పై ఎనిమిదేళ్లు జీతం తీసుకుని మరీ అడుసు తొక్కాను. కడుక్కోవడం ఉచితం.

చదవమని మనవరాలికి ఇచ్చాను. చదివి, ఆఖరి వాక్యం కొట్టేయండి అంది. ఎందుకు అన్నాను. అది అబద్ధం కాబట్టి, నేను గుండు వేశాను, పదిహేను వచ్చింది, వారం రోజులు నోరు మూసుకున్నాను అంది. నీ ప్రొబేషన్ ఏమవుతుందో తెలుసా అన్నాను. మీరు అందరి ముందూ నా నోరు మూయించారు, ఇప్పుడు అందరి ముందూ మంచిదాన్ని చేస్తున్నారు, రెండుసార్లూ నన్ను అడగలేదు అంది.

పెన్ను ఇచ్చాను. ఆఖరి వాక్యం తనే కొట్టేసి కింద రెండు లైన్లు రాసింది. టైముతో సహా. దాని చేతిరాత నా కన్నా బాగుంది.

మా అమ్మాయి స్టవ్ ఆర్పి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒకే ఇంట్లో ఇద్దరు హరిశ్చంద్రులైతే అద్దె ఎవరు కడతారు అంది. కాసేపటికి తనే లేచి కవరు వెతికి తెచ్చింది.

మార్చి 16, ఆదివారం

సరేగారు ఫోన్ చేశాడు. సరే అన్నాడు. సరుకు ఆపేశారు.

మార్చి 18, మంగళవారం

మళ్లీ పరీక్ష. నేను అద్దం బయట కూర్చున్నాను. సాక్షి కుర్చీలో వేరే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. వేలితో దేన్నీ ముట్టుకోలేదు, కాఫీ కప్పు తప్ప.

ఏసీ లేదు, తలుపు మూసి ఉంది. ముందు గుండు పంతొమ్మిది, తర్వాత గుండు పద్దెనిమిది. గుంటలు 45, 48, 46. మూడు తూటాలకే ఆపేశారు.

ఐదు మిల్లీమీటర్లు నా ఉక్కపోత ఖరీదు.

అయ్యాక దర్జీ లోపలికెళ్లి నలభై ఎనిమిది వచ్చిన గుంటలో వేలు పెట్టి చూశాడు. చాలాసేపు తీయలేదు. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చాడు. తప్పు నాదేనయ్యా అన్నాను. ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. రెండూ కాదు. ఆరు వందల నలభై జాకెట్లు కుట్లు విప్పాలి మేడమ్, విప్పడం కుట్టడం కంటే కష్టం, కుట్టేటప్పుడు పాటలు పాడతారు, విప్పేటప్పుడు ఎవరూ పాడరు అన్నాడు.

నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆ రోజు మీకు ఉక్కపోసింది, నిజమే, నాకూ పోసింది అన్నాడు. కానీ మేడమ్, వ్యాన్‌లో కూర్చున్నవాడికి ఏ తలుపు తీస్తారు? తలుపు తీయకూడదనే కదా వాడి ఉద్యోగం.

ఆ మాట ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 24, సోమవారం

సాక్షుల జాబితాలోంచి నా పేరు తీసేశారు. మర్యాదగా శాలువా కప్పబోయారు, ఈ ఎండల్లో వద్దన్నాను. మనవరాలి ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ల్యాబ్ గుర్తింపు తాత్కాలికంగా ఉంది. సరేగారు సన్నబడ్డాడు, బాగున్నాడు.

పాత తొమ్మిది లాట్లలో ఆరింటిని మళ్లీ పరీక్షించారు. ఆరూ పాస్. మూడు ఇంకా తేలాలి. ఆ మూడు ఎవరెవరి ఒంటి మీద ఉన్నాయో పొద్దున లేవగానే గుర్తొస్తోంది.

మట్టి పెట్టె మీద కొత్తగా కాగితం అంటించారు. చేత్తో ముట్టరాదు. చేతిరాత గుర్తుపట్టాను.

మార్చి 31, సోమవారం

మనవరాలు ఈ రోజు అమ్మమ్మా అంది. ఉప్పు అందివ్వమని.

ఏప్రిల్ 11, శుక్రవారం

దర్జీ కొత్త జాకెట్ పాసైంది. పొరలు వెనక ఇరవై మూడు, ముందు ఇరవై నాలుగు. మట్టిలో గుంట 42. బరువు నూట ఎనభై గ్రాములు పెరిగింది. గార్డులు వేసుకుంటారా అని మనవరాలు అడిగితే, కుట్టడం నా పని, మొయ్యడం వాళ్ల పని, మధ్యలో ఎండ పని ఎండ చేస్తుంది అన్నాడట.

పాత లాట్లలో మరో రెండు తేలాయి. పాస్. ఒకటి మిగిలింది. దాని జాకెట్లు వెనక్కి పిలిపిస్తున్నారు.

దర్జీకి ఫోన్ చేసి ఒక చిన్న సైజు జాకెట్ కావాలన్నాను. ఎవరికి మేడమ్ అన్నాడు. నాకే అన్నాను. మిమ్మల్ని ఎవరు కాలుస్తారు అన్నాడు. జాబితా పెద్దదేనయ్యా, పంపు అన్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పిలిపించిన ఆఖరి లాట్ పాస్. 43.

జాకెట్ వచ్చింది. అట్టపెట్టెలో, ఇస్త్రీ చేసిన స్కూల్ యూనిఫాంలా మడతపెట్టి.

ఏప్రిల్ 16, బుధవారం

ఉదయం 8. వేసుకున్నాను. రెండు కిలోల ఆరు వందలు. ఏసీ ఆపి, కిటికీలు మూశాను. వ్యాన్ డ్యూటీ ఎనిమిది గంటలు.

10. మా అమ్మాయి చూసింది. మంచినీళ్ల సీసా పక్కన పెట్టి వెళ్లింది.

12. నిలబడితే ఫరవాలేదు. కూర్చుంటే అంచు పైకి తన్ని గడ్డానికి తగులుతోంది. వ్యాన్‌లో గార్డు కూర్చునే ఉంటాడు. దర్జీకి చెప్పాలి.

2. విప్పి సీటు కింద తోసేవాళ్లను ఇన్నేళ్లూ ఏమేం అన్నానో రాయడం మొదలుపెట్టి కొట్టేశాను.

4. ఎవరూ కాల్చలేదు. ఇంకా విప్పలేదు.